ఏ దేశానిదీ కాని ఓడ

జగ్గయ్యపేటలో లారీ నడిపినవాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెడితే ఆ పూటకు తెమలదు. వాళ్ళలో నన్నే సాహెబ్ అంటే మాత్రం ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. ముక్త్యాల సిమెంటు ఎక్కించుకుని ఆయన తిరగని రాష్ట్రాలు తక్కువే. దేశం గురించి ఆయనకు తెలిసిందంతా చెక్‌పోస్టుల దగ్గర నేర్చుకున్నదే. ఏ ఊళ్ళో బ్రేకు ఇన్‌స్పెక్టరు నవ్వుతూ అడుగుతాడో, ఏ ఊళ్ళో కసురుతూ అడుగుతాడో, ఏ గేటు దాటాక భాష మారుతుందో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గరికపాడు దగ్గర రోడ్డుకు అడ్డంగా గీత పడి ఒక రాష్ట్రం రెండైన రోజున తోటి డ్రైవర్లంతా గోల పెడుతుంటే, ఆయన మాత్రం ఇంకో కాగితం జేబులో పెట్టుకుని దర్జాగా దాటేశాడు. తనకు తెలియని రోడ్డు లేదనుకునే మనిషి. ఆ ధీమాయే ఆయన కొంప ముంచింది.

భార్య కరీమాబీ పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, జాకీర్. వెల్డింగు పనిలో మంచి చేయి. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. అతను అతుకు వేస్తే అది ఎక్కడుందో వెతుక్కోవలసిందే. నందిగామ పిల్ల రిజ్వానాను చేసుకున్నాడు. ఆ ఇంట్లో అత్త లేని లోటు మామగారే తీర్చాడని పేటలో వేళాకోళం. ఎందుకంటే కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ అమ్మాయికి కూరలు వండటం నేర్పింది నన్నే సాహెబే. లారీ పక్కన స్టవ్ పెట్టి వండిన చేయి కాబట్టి ఏది వండినా కారం గూబలదిరేది. రిజ్వానా కళ్ళు తుడుచుకుంటూ తిని, "బాగుంది మామయ్యా" అనేది.

ఫ్యాక్టరీలో జాకీర్‌కు జోడీ నెహెమ్యా. జి.కొండూరు కుర్రాడు. ఓడల్లో ఫిట్టర్లకు పనులుంటాయని కనిపెట్టింది అతనే. ఇద్దరూ కలిసి శిక్షణ పూర్తి చేసుకుని, ఓడ ఎక్కడానికి కావలసిన కాగితాలన్నీ సంపాదించారు. తీరా విశాఖపట్నంలోని ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చాక వెనక్కి లాగినవాడూ నెహెమ్యాయే. ఆ సాయంత్రం జాకీర్ వాకిట్లో మంచం మీద కూర్చుని, ఫోన్లో కాగితాలు తిప్పుతూ తండ్రిని అడిగాడు.

"నాన్నా, ఈ ఓడ లెక్క అర్థం కావట్లా. ఓనరు ఒక దేశం, నడిపే కంపెనీ ఇంకో దేశం. జెండా చూస్తే ఎక్కడో దీవిది. ఆ దీవి పేరు మేమెప్పుడూ విన్లా. నెహెమ్యా వద్దులేరా అంటున్నాడు."

నన్నే సాహెబ్ పకపకా నవ్వాడు. ఆయన అప్పట్లో చిన్నబాబుగారి ట్రెయిలర్ నడుపుతున్నాడు.

"ఓరి పిచ్చోడా, మన చిన్నబాబుగారి బళ్ళు చూళ్ళేదంట్రా? ఓనరుది పేట. సరుకు ముక్త్యాలది. నడిపేది నేను. నంబరేమో నాగాలాండు. ఆ నాగాలాండ్ ఎట్టా ఉంటదో ఆయనా చూళ్ళా, నేనూ చూళ్ళా, బండీ చూళ్ళా. ఎక్కడన్నా ఆగిందా? పన్ను తక్కువని అట్టా పెట్టుకుంటారు. ఓడైతే ఏంటి, లారీ అయితే ఏంటి? నెహెమ్యాకి కూడా చెప్పు, నేను చెప్పానని."

ఆ మాట మీద ఇద్దరూ బయల్దేరారు. పెద్దాయన రోడ్లన్నీ చూసినవాడు, ఆయనే ఏం కాదన్నాక ఇంక భయమేమిటి అనుకున్నారు. రిజ్వానా బస్సు దాకా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, మామగారు అంత గట్టిగా చెబుతున్నాడు కదా అని తనూ నవ్వింది.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. జాకీర్ వీడియోలో కనిపించి ఇంజను గది చూపించేవాడు, వంటవాడిని చూపించేవాడు. ఒక రోజు నవ్వుతూనే ఒక సంగతి చెప్పాడు. ఓడ ఏ దేశానిదో ఆ దేశపు రేవు ఊరి పేరు దాని వెనక భాగాన ఇనుప అక్షరాలతో అతికించి ఉంటుందట. ఆ దీవి దేశం వాళ్ళు తమ జాబితాలోంచి ఈ ఓడను కొట్టేశారట. జాకీర్‌ను తాళ్ళతో పలక మీద కిందికి దించి, గ్రైండరుతో ఆ అక్షరాలన్నీ లేపేయించి, ఇంకో దేశపు ఊరి పేరు రాయించారట.

"నంబరు ప్లేటు మార్చారన్నమాట" అన్నాడు నన్నే సాహెబ్. ఈసారి ఆయన నవ్వలేదు. లారీకి రాత్రికి రాత్రి నంబరు ప్లేటు మార్చేవాళ్ళు ఎవరో ఆయనకు బాగా తెలుసు.

కొన్నాళ్ళకు గల్ఫులో ఒక రేవు బయట లంగరు వేసిన చోట తనిఖీవాళ్ళు ఓడ ఎక్కారు. కాగితాలు చూసి, అనుమానం వచ్చి, ఆ కొత్త దేశానికి రాసి అడిగారు. ఆ దేశం నుంచి జవాబు వచ్చింది. ఈ ఓడ ఎవరిదో మాకు తెలియదు, అసలు మేము పరాయి ఓడలకు జెండాలే ఇవ్వము అని. ఎవరో ఘనుడు ఆ దేశపు ముద్ర పెట్టి ఇంటర్నెట్లో దుకాణం తెరిచి జెండాలు అమ్ముకున్నాడు. ఓడ అక్కడే ఆగిపోయింది. ఓనరు ఫోను మూగబోయింది. రేవులో ఓడ తరఫున పనులు చూసే ఏజెంటు చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. విశాఖపట్నం ఆఫీసుకు తాళం పడింది.

అప్పుడు నన్నే సాహెబ్ చిన్నబాబును వెంటబెట్టుకుని నందిగామ వెళ్ళి లాయరు వరప్రసాదరావును కలిశాడు. ఆస్తి తగాదాలు చూసుకునే మనిషే అయినా, ఆయన పాపం రెండు రోజులు పుస్తకాలు తిరగేసి మరీ కూర్చోబెట్టి చెప్పాడు.

"సముద్రం మీద ఓడంటే ఒక ఊరు లాంటిది సాహెబ్. ఏ దేశం జెండా కడితే ఆ దేశం చట్టమే లోపల నడుస్తది. లోపల ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరికి అన్యాయం జరిగినా ఆ దేశమే జవాబు చెప్పాలి. జెండా దొంగదని తేలితే ఆ ఓడకు దేశమే లేదు. దాని తరఫున నోరు తెరిచి అడిగే దిక్కుండదు."

"మరి నాగాలాండ్ బళ్ళు తిరగట్లేదాండీ?"

"నాగాలాండ్ ఉందిగా! అక్కడి రిజిస్టర్లో నీ బండి ఉంది. ఉత్తరం రాస్తే మాదే అంటారు. ఇక్కడ మాదే అనేవాళ్ళే లేరు."

నన్నే సాహెబ్ కుర్చీ ముందుకు జరుపుకుని, "ఓడ సంగతి నాకెందుకండీ, తగలబడనివ్వండి. మావాడు ఇండియావాడేగా? పాస్‌పోర్టుంది, ఆధారుంది, ఓటుంది" అన్నాడు.

"మనవాడే, ఎవరు కాదన్నారు? మన కాన్సులేట్ వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. కానీ మనిషి ఓడలో ఉన్నాడు. దిగాలంటే రేవు వాళ్ళు రానివ్వాలి. వాళ్ళేమో ఓడ తరఫున పూచీ పడేవాళ్ళను తీసుకురమ్మంటున్నారు. వాళ్ళు ఎక్కడున్నారు చెప్పు?"

లారీ ఎక్కడ ఆగిపోయినా డ్రైవరు తలుపు తీసుకుని దిగుతాడు. రోడ్డు పట్టుకుని నడిస్తే ఏదో ఒక ఊరు వస్తుంది, ఎవరో ఒకరు మంచినీళ్ళిస్తారు. దిగడానికి నేల లేని బండి ఉంటుందని ఆయనకు తట్టనే లేదు. తిరుగు బస్సులో చిన్నబాబు ఏదో ధైర్యం చెబుతుంటే ఆయనకు ఒక్క ముక్క చెవిన పడలేదు. పోరా, ఏం కాదు అని నవ్విన నవ్వే చెవుల్లో మోగుతోంది.

ఆ తర్వాత ఆయన కాళ్ళరిగేలా తిరిగాడు. కలెక్టరు ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. పెద్ద నాయకుల ఇళ్ళ ముందు పడిగాపులు కాశాడు. లాయరు చేత ఢిల్లీకి, గల్ఫుకు మెయిళ్ళు కొట్టించాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే ఆయనకు కొంత నయంగా ఉండేది. ఓడలో డీజిలు తరిగిపోతోందని, రోజుకు కొద్దిసేపే కరెంటు వేస్తున్నారని, వర్షం పడితే టార్పాలిన్‌లో నీళ్ళు పట్టుకుంటున్నామని జాకీర్ చెప్పేవాడు. తీరం మీద దీపాలు కనిపిస్తాయట. కార్లు పోవడం కూడా కనిపిస్తుందట.

ఒక రోజు తుప్పు పట్టిన రేకు జాకీర్ పిక్కలో దిగింది. కడిగి గుడ్డ కట్టారు. అది చీము పట్టింది. జ్వరం వచ్చింది. కెప్టెను రేడియోలో రేవు వాళ్ళను అడిగితే, మీ ఏజెంటు ద్వారా రండి అన్నారు. ఏజెంటు లేడు. మీ జెండా దేశం ద్వారా అడగండి అన్నారు. దేశం లేదు. కాన్సులేట్ వాళ్ళు అనుమతి కోసం పరుగులు పెడుతూనే ఉన్నారు. వీడియోలో జాకీర్ మొహం పీక్కుపోయి ఉంది. "నాన్నా, డాక్టరు కనపడే దూరంలోనే ఉన్నాడంట నాన్నా" అన్నాడు. తండ్రితో అతను మాట్లాడిన చివరి మాట అదే.

శుక్రవారం మధ్యాహ్నం నన్నే సాహెబ్ మసీదు మెట్లు దిగుతుండగా నెహెమ్యా ఫోను చేశాడు. చాలాసేపు ఏడ్చి, ఆఖరికి చెప్పాడు.

"పోయాడు బాబాయ్. మొన్ననే పోయాడు. నిన్నటిదాకా ఐస్ గదిలో ఉంచాం. డీజిలు అయిపోయింది. ఇంక ఉంచలేమన్నాడు కెప్టెను. రేవు వాళ్ళు శవాన్ని కూడా దించనివ్వలా. దుప్పట్లో చుట్టి... సముద్రంలో... మాలో బంగ్లాదేశ్ కుర్రాడు ఒకడున్నాడు, వాడు నమాజు చదివాడు. నేను పక్కనే నిలబడ్డా బాబాయ్."

నన్నే సాహెబ్ మెట్లు ఎక్కి మళ్ళీ మసీదులోకి వెళ్ళాడు. ఖబరస్తాన్‌లో కరీమాబీ పక్కన తనకోసం చెప్పి ఉంచుకున్న జాగా ఉంది. అది కొడుక్కి ఇచ్చేద్దామన్నా ఇవ్వడానికి లేకుండా పోయింది. జనాజా నమాజైనా చదివించండని మసీదు ఇమామైన హజరత్‌ను పట్టుకుని అడిగాడు. ఆయన ఈయన భుజం మీద చేయి వేసి, శవం ఎదురుగా లేనిదే మనకు ఆ నమాజు లేదని, అక్కడ ఒకరు చదివారు కాబట్టి అబ్బాయికి ఆ లోటు లేదని చెప్పాడు. ఏ ఊరో, ఎవరి బిడ్డో తెలియని కుర్రాడు చదివాడు. కన్నతండ్రికి ఆ భాగ్యం దక్కలేదు. ఆ రోజు ఆయన ఏడ్చిన ఏడుపు విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ మాట ఎత్తరు.

రిజ్వానా గాజులు తీసేసి ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజుల ఆ గడువు తీరేదాకా గడప దాటకూడదు. ఆ పిల్ల ఏడ్చిందీ తక్కువే, మాట్లాడిందీ తక్కువే. నందిగామ నుంచి ఆమె అన్న వచ్చి, వాకిట్లోనే నిలబడి, "మామగారూ, మీకు తెలీందేముంది. దాని వయసెంత? గడువు అయ్యాక ఎవరికో ఒకరికి కట్టబెట్టాలి. ఖాజీగారు అడిగితే చూపించటానికి బావ పోయిన కాగితం కావాలి. అది తెప్పించండి" అన్నాడు.

నన్నే సాహెబ్‌కు ఆ మాట కష్టం కలిగించలేదు. పైగా మనసుకు కాస్త తెరిపి ఇచ్చింది. కొడుకును తెచ్చుకోలేకపోయాడు. కనీసం ఈ పిల్లనైనా బయటపడేయాలి. పంపించినవాడు తను, ఆ పిల్ల మెడకు ఈ ముడి వేసినవాడూ తనే. ఇంక ఆ ఒక్క కాగితం కోసమే బతకాలనుకున్నాడు.

ఆ కాగితం ఏ దేశమూ ఇవ్వలేదు. ఓడలో చావు నమోదు చేయవలసింది జెండా దేశం. అది లేదు. రేవు దేశం, చావు మా హద్దు లోపల జరగలేదంది. శవాన్ని ఒడ్డున ఎవరూ చూడలేదు. కెప్టెను చావు రాసిన పేజీని నెహెమ్యా ఆ శుక్రవారమే ఫోటో తీసి పంపాడు గానీ, అది ఏ రిజిస్టర్లోనూ లేని ఓడ పుస్తకం కాబట్టి ఇక్కడి ఆఫీసుల్లో దాన్ని ఏ వరుసలో పెట్టాలో తెలియలేదు. పురపాలక ఆఫీసులో అడిగితే, మా ఊళ్ళో జరిగిన చావే మేము రాసుకుంటామండీ అని వాళ్ళు ఉన్న మాట చెప్పారు. నెహెమ్యా చేతనైనా సాక్ష్యం చెప్పిద్దామంటే, ఆ శుక్రవారం తర్వాత అతని ఫోను పలకలేదు. ఓడను ఎవరో లాక్కెళ్ళారని ఒకరు, పేరు మార్చుకుని పోయిందని ఒకరు అన్నారు. జి.కొండూరు నుంచి నెహెమ్యా తల్లి వారం వారం నన్నే సాహెబ్‌కు ఫోను చేసేది. "మావాడేమన్నా చేశాడా అన్నయ్యా?" అని అడిగేది. ఆమె కొడుకును పంపించింది కూడా ఆయన నోటి మాటే.

ఆఖరికి వరప్రసాదరావు ఒక దారి చెప్పాడు. ఆ దారి చెప్పడానికి ఆయనకే సిగ్గేసినట్టుంది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు.

"పోయాడని రుజువు చేయలేం సాహెబ్. కనబడటం లేదని రాయించొచ్చు. ఏడేళ్ళు కనబడకపోతే కోర్టు పోయినట్టే అనుకుంటది. అప్పుడు కాగితం వస్తది. కాకపోతే మనం వెతికినట్టు రుజువులుండాలి. స్టేషన్లో కంప్లయింటు, పేపర్లో ప్రకటన, గోడల మీద పోస్టర్లు."

"వాడెక్కడున్నాడో నాకు తెలుసుగదండీ!"

"తెలుసు. కానీ వెతకాలి."

ఏడేళ్ళ మాట రిజ్వానాకు ఎలా చెప్పాలో తెలియక, ముందు స్టేషన్‌కు వెళ్ళాడు. అక్కడ జాయిస్ అనే కానిస్టేబులు కూర్చోబెట్టి రాసుకుంది.

"తప్పిపోలేదమ్మా, చనిపోయాడు" అన్నాడు నన్నే సాహెబ్, ఉండబట్టలేక.

"లాయరుగారు చెప్పారు బాబాయ్. చనిపోయాడని కొడితే ఎక్కడ అని అడుగుతది కంప్యూటరు. ఏం పెట్టను చెప్పండి? ఆఖరిసారి ఎక్కడ చూశారు?"

"గరికపాడు దగ్గర. విమానానికని హైదరాబాద్ బస్సు ఎక్కించా."

"ఒంటి మీద ఏ బట్టలున్నాయి?"

దుప్పటి, అని ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నీలం గళ్ళ చొక్కా" అన్నాడు. జాయిస్ తలెత్తకుండా రాసుకుని, ఆయనకు టీ తెప్పించింది.

పోస్టర్ల మీద పెళ్ళినాటి ఫోటో వేశారు. పైన పెద్ద అక్షరాలతో కనబడుటలేదు అని, కింద నన్నే సాహెబ్ ఫోను నంబరు. పేట బస్టాండులో, నందిగామ సెంటర్లో, గరికపాడు డాబాల గోడల మీద ఆయనే స్వయంగా అంటించాడు. అంటించిన ప్రతి చోటా ఫోటో తీసి లాయరుకు పంపాడు. ఏళ్ళ తరబడి ఆయన్ని ఎరిగిన డాబావాళ్ళు, "అయ్యో, అబ్బాయి ఎటుపోయాడు సాహెబ్‌గారూ?" అని అడుగుతుంటే చేయి అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు. చచ్చిన కొడుకును వెతుకుతున్నట్టు నటించడం ఎంత నరకమో పగవాడికి కూడా తెలియకూడదు.

రిజ్వానాకు చెప్పకుండా దాచాలని చూశాడు గానీ, పేపర్లో పడిన ఫోటోను పక్కింటావిడ తెచ్చి చూపించింది. ఆ పిల్ల ఆ ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుంది. "పోలీసులు కూడా వెతుకుతున్నారా మామయ్యా?" అంది. కాదమ్మా, ఇదంతా కాగితం కోసం, అని చెప్పవలసిన చోట ఆయన, "ఊఁ" అన్నాడు. ఆమె కళ్ళలో అన్ని నెలల తర్వాత ఏదో కదిలింది. దాన్ని తన చేత్తో ఆర్పేయడానికి ఆయనకు గుండె చాల్లేదు.

ఇద్దత్ ఇంకా తీరనే లేదు. ఒక రోజు పొద్దున పదిగంటలప్పుడు ఫోను మోగింది. చెవులు సరిగా వినిపించక ఆయన ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు. గరికపాడు నుంచి, కొత్తగా పెట్టిన డాబా మనిషి.

"ఈ పోస్టర్లో ఉన్న కుర్రాడు మా దగ్గర టిఫిన్ చేస్తున్నాడండీ. అదే మొహం. లారీలో వచ్చాడు. మీరు తొందరగా వస్తే నేను మాటల్లో పెడతా."

వంటింటి గుమ్మంలో రిజ్వానా నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుప్పటి సంగతి, నమాజు సంగతి, సముద్రం సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట అనలేదు.

"వెళ్ళండి మామయ్యా" అంది రిజ్వానా. "చెప్పులు ఇక్కడున్నాయి."

ఆయన ఆటో ఎక్కాడు. ఇది వెర్రి అని ఆయనకు తెలుసు. తెలిసినా, ఆటో నెమ్మదిగా పోతోందని డ్రైవరు మీద కేకలేశాడు. నెహెమ్యా పొరబడ్డాడేమో, జ్వరంలో ఉన్నవాణ్ణి ఎవరైనా ఇంకో పడవలో దించారేమో, దొంగదారిన వచ్చి మొహం చూపించలేక తిరుగుతున్నాడేమో అని దారిపొడుగునా కథలు అల్లుకున్నాడు. డాబా ముందు ఆటో ఆగకముందే దిగేశాడు.

కుర్రాడు వీపు ఇటు పెట్టి దోసె తింటున్నాడు. భుజాలు అచ్చం జాకీర్ భుజాలే. నన్నే సాహెబ్ దగ్గరికి వెళ్ళి, ఆ భుజం మీద చేయి వేశాడు. అతను తిరిగి చూశాడు. పరాయి మొహం.

"ఏంది పెద్దాయనా, ఎవరు గావాలె?" అన్నాడు.

"ఎవరూ లేదు బాబూ. తిను" అన్నాడు నన్నే సాహెబ్.

బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఇంటికి ఫోను చేయాలి. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేయాలి. అమ్మా, వాడు లేడు, రాడు, ఈ పోస్టర్లన్నీ నాటకం, నువ్వు నీ దారి చూసుకో అని. మాటలన్నీ వరసగా కూడగట్టుకుని నంబరు నొక్కాడు. మొదటి గంటకే ఎత్తింది.

"వాడు కాదమ్మా."

లారీ ఒకటి పోయేదాకా ఆగి, ఆయన అసలు మాట అందుకున్నాడు.

"రిజ్వానా, నే చెప్పేది వినమ్మా..."

"సరే మామయ్యా" అంది ఆ పిల్ల. ఆమె గొంతులో ఏడుపు లేదు. తొందర ఉంది. "మా అన్నతో సంబంధాలు చూడొద్దని చెప్పేశా ఇప్పుడే. కోదాడ వైపు మనం ఒక్కటీ అంటించలా. అటు కూడా అంటించండి. మైదా అయిపోయింది, జిగురు నేను ఉడకబెడతా, వచ్చేటప్పుడు తీసుకురండి."

నన్నే సాహెబ్ కూడగట్టుకున్న మాటలు ఎటుపోయాయో పోయాయి. సరేనని ఫోను జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు దాటి, ఎదుటి కొట్లో రెండు కిలోల మైదా పొట్లం కట్టించుకుని ఆటో కోసం నిలబడ్డాడు.